దండచేతిలో ధమని ఎక్కడ, నరం ఎక్కడ: మీ వేళ్ళతో మీరే పట్టి చూసుకోవడం ఎలా

మన ఊళ్ళలో ‘నరం’ అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. సెలైన్ పెట్టే సిస్టరు “నరం దొరకట్లేదండి” అంటే అది సిర, రక్తాన్ని గుండెకి వెనక్కి తీసుకెళ్ళే గొట్టం. ధాన్యం బస్తా ఎత్తినాయన “నరం పట్టేసిందండి” అంటే అది కండ, లేదా కండ కొసన ఉండే తాడు. మోచెయ్యి గుమ్మానికి తగిలి చిటికెన వేలి దాకా జివ్వుమన్నప్పుడు మాత్రమే అది అసలైన నరం. పోనీ పుస్తకాల్లో రాసినట్టు ‘నాడి’ అందామంటే, మనకి నాడి చూడటమంటే మణికట్టు పట్టుకుని కొట్టుకోవడం లెక్కపెట్టడం. అది మళ్ళీ ధమని.

నేను కోనసీమలో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళు చెప్పే మొదటి మాట “నరం లాగేస్తోందండి” అనే. అది ఏ నరమో, అసలు నరమేనో తేల్చడానికే చాలా సేపు పడుతుంది. కొన్ని సందర్భాల్లో అంత వ్యవధి ఉండదు. అందుకే భుజానికీ మోచేతికీ మధ్య ఉన్న భాగాన్ని, అంటే దండకడియం పెట్టుకునే దండని, మీ వేళ్ళతోనే చదవడం నేర్పాలని ఇది రాస్తున్నాను. ఇక్కడ ధమని అంటే గుండె నుంచి రక్తం తెచ్చేది. సిర అంటే వెనక్కి తీసుకెళ్ళేది. నరం అంటే మెదడుకీ కండకీ చర్మానికీ మధ్య కబురు మోసేది, అంతే. ధమని కొట్టుకుంటుంది. సిర నొక్కితే అణిగిపోయి, వదిలితే ఉబ్బుతుంది. కండ తాడు మీరు బలం పెడితే బిగుస్తుంది. నరం పైకి కనిపించదు, కొట్టుకోదు, తగిలితే జివ్వుమంటుంది. ఈ తేడా మీ వేలికి తెలియడమే ఇప్పుడు మన పని.

కూర్చునే పద్ధతి

వదులు బనీనో, చేతుల్లేని జాకెట్టో వేసుకోండి. చొక్కా చేతిని పైకి బిగించి మడిస్తే అదే ధమనిని నొక్కేస్తుంది. బల్ల పక్కన కూర్చుని, దిండు మీద ఎడమ చేతిని అరచెయ్యి పైకి ఉండేలా వదిలేయండి. కుడిచేతి చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళతో చూడాలి. బొటనవేలు వద్దు, దానిలో కొట్టుకునేదాన్ని అవతలి ధమని అని పొరబడతాం. గోళ్ళు తీసుకోండి.

డయాలసిస్ కోసం ఫిస్టులా, అంటే ధమనిని సిరతో కలిపే ఆపరేషన్, చేసిన చెయ్యి అయితే దాని జోలికి పోవద్దు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, డయాలసిస్ సూదులు తప్ప వేరే సూది గుచ్చనివ్వకండి, ఎవరు అడిగినా సరే.

ముందు ఎముక, కండ

దండలో ఉండేది ఒకే ఎముక, హ్యూమరస్. మధ్యలో చుట్టూ కండ ఉంటుంది కాబట్టి బాగా తెలియదు. మోచేతి దగ్గర మాత్రం రెండు బుడిపెలు చేతికి తగులుతాయి. ఒంటివైపు ఉన్నది పెద్దది, బయటివైపుది చిన్నది. వెనక ఉన్న మొన ముంజేతి ఎముకది. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

ఇప్పుడు ఎడమ మోచేతిని మడుస్తూ, కుడిచేత్తో దాన్ని ఆపండి. ముందువైపు ఉబ్బేది బైసెప్స్. మోచేతి మడతలో ఒక గట్టి తాడు లేస్తుంది, అది దీని కొస. దాన్ని వేళ్ళతో పట్టుకోండి. మనవాళ్ళు నరం అనుకునేవాటిలో ఇదొకటి, కానీ ఇది నరం కాదు. అరచెయ్యిని పైకి తిప్పేటప్పుడు కూడా ఈ కండ పని చేస్తుంది. మరచెంబు మూత తిప్పుతూ రెండో చేత్తో పట్టి చూస్తే తెలుస్తుంది. బల్లని అరచేత్తో కిందికి నొక్కితే దండ వెనక గట్టిపడేది ట్రైసెప్స్, మోచెయ్యి చాచే కండ.

ధమనిని పట్టడం

బైసెప్స్‌కీ ట్రైసెప్స్‌కీ మధ్య, ఒంటివైపు, చంక నుంచి మోచేతి దాకా ఒక గాడి ఉంటుంది. చంకకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో ఆ గాడిలో మూడు వేళ్ళు వరసగా పెట్టండి. బయటివైపుకి, అంటే ఎముక మీదికి, మెల్లగా నొక్కండి. గట్టిగా నొక్కితే ప్రవాహం ఆగి ఏమీ తెలియదు. మెత్తగా పెడితే కండ అడ్డొస్తుంది. పది సెకన్లు ఓపిక పట్టండి. కొట్టుకోవడం తెలుస్తుంది. అదే బ్రేకియల్ ధమని. నొక్కినప్పుడు వేళ్ళలో జిల్లుమంటే పక్కనే ఉన్న నరం మీద పడ్డారన్నమాట. వేళ్ళు కాస్త జరపండి.

ఇక దాన్ని వదలకుండా కిందికి రండి. పైన ఒంటివైపు ఉన్న ధమని కిందికి వచ్చేకొద్దీ ముందుకి జరుగుతుంది. అందుకే పైన బయటికి నొక్కాలి, మోచేతి దగ్గర వెనక్కి నొక్కాలి. నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. చెయ్యి పూర్తిగా చాచి, ఇందాక చూసిన బైసెప్స్ తాడుకి ఆనుకుని ఒంటివైపు చూడండి, మళ్ళీ దొరుకుతుంది. మోచేతి మడతలో బయటి నుంచి లోపలికి వరస ఎప్పుడూ ఒకటే: తాడు, ధమని, నరం. ఆ చివరిది మీడియన్ నరం. విశేషమేమిటంటే, దండ పైభాగంలో ఈ నరం ధమనికి బయటివైపు ఉంటుంది, మధ్యలో ధమనిని దాటి ఇవతలికి వస్తుంది.

మోచేతికి కాస్త దిగువన ధమని రెండుగా చీలుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలినట్టే ఇది రేడియల్, అల్నార్ ధమనులవుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడివడినట్టు, అల్నార్ నుంచి ఇంకో పాయ లోతుకి దిగుతుంది. బొటనవేలి వైపు మణికట్టులో డాక్టరు పట్టి చూసేది రేడియల్ పాయనే. నది పాయలు సముద్రంలో కలిస్తే ఇవి అరచేతిలో ఒకదానితో ఒకటి కలుస్తాయి. మోచేతి చుట్టూ చిన్న పక్క కాలువలు కూడా ఉన్నాయి. అసలు ధమని మూసుకుపోయినా వాటిగుండా కొంత రక్తం చేరుతుంది. అందువల్ల చెయ్యి గులాబీ రంగులో ఉన్నంత మాత్రాన పైన ధమని బాగుందని చెప్పలేం.

ఈ ఒక్క ధమని తెలిస్తే మూడు పనులకి పనికొస్తుంది.

మొదటిది బీపీ. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి దండకి పట్టీ కట్టే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ ఆ పట్టీకి దిగువన స్టెతస్కోపు పెట్టి వినమన్నాడు. వినేది ఈ ధమని చప్పుడే. మీ ఇంట్లో డిజిటల్ మిషన్ ఉంటే, పట్టీ మీద గీసిన బాణం గుర్తు మీరు ఇప్పుడు పట్టిన ధమని మీదికి రావాలి. పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన ఉండాలి. చొక్కా మీద కట్టకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. కాఫీ, సిగరెట్ అయ్యాక అరగంట ఆగాలి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, కాళ్ళు ఒకదానిమీద ఒకటి వేయకుండా, మాట్లాడకుండా చూసుకోండి. నిమిషం ఆగి రెండోసారి చూడండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పట్టీ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టుకోవాలి. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ చూపించిన చేతినే తర్వాత వాడండి. తేడా ప్రతిసారీ 10 దాటుతుంటే డాక్టరుకి చెప్పండి. అనవసరంగా మందు డోసు పెరిగినవాళ్ళని చూశాను కాబట్టి దీని గురించి ఇంత రాస్తున్నాను.

రెండోది చంటిపిల్లలు. ఏడాదిలోపు పాపకి మెడ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. మెడలో కొట్టుకోవడం దొరకదు. పాప కదలకుండా ఉంటే దండ లోపలి గాడిలో రెండు వేళ్ళు పెట్టి చూడాలి. పదిసెకన్లకి మించి వెతకకూడదు. పాప పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే, కొట్టుకోవడం దొరికిందా లేదా అని ఆలోచిస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేసి వాళ్ళు చెప్పినట్టు చేయండి.

మూడోది రక్తస్రావం. కొబ్బరి ఒలిచే గునపం, రొయ్యల చెరువు ఏరేటర్ రెక్క, సంక్రాంతికి కోడి కాలికి కట్టే కత్తి, మన దగ్గర ఏదైనా కావచ్చు. కోడి కత్తి తగిలి మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఎర్రగా, కొట్టుకుంటూ చిమ్ముతుంటే ధమని తెగినట్టు. శుభ్రమైన తువ్వాలు మడిచి గాయం మీదే బలమంతా పెట్టి నొక్కండి. పది నిమిషాలు ఎత్తి చూడకూడదు. ముంజేతి గాయం అయితే, ఇంకొకరు దండ మధ్య గాడిలో ధమనిని ఎముక మీదికి అదిమి పట్టవచ్చు. ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకకండి. అయినా చిమ్ముతూనే ఉంటే, గాయానికి నాలుగు వేళ్ళ పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ కట్టి, కర్రతో మెలితిప్పి ప్రవాహం ఆపండి. కట్టిన టైము రాసుకోండి, దారిలో విప్పకండి. సన్నటి తాడు, తీగ వద్దు, అవి కింద ఉన్న నరాల్ని నలిపేస్తాయి. లంక గ్రామాల నుంచి పడవ దాటి రావాలి, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆగాలి. వరద రోజుల్లో ఇంకా కష్టం. ఆ వ్యవధిలో నొక్కి పట్టిన చెయ్యే ప్రాణం నిలబెడుతుంది.

పాము కాటుకి మాత్రం కట్టు కట్టకండి. మన పొలాల్లో ఇంకా చేస్తున్న పని ఇదే. దండకి తాడు బిగిస్తే విషం ఆగదు. చేతికి రక్తం ఆగుతుంది, నరం నలుగుతుంది. చెయ్యి కదలకుండా కర్రతో ఆనించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నరాల్ని గుర్తుపట్టడం

మెడలో మొదలయ్యే నరాల అల్లిక చంకలోంచి దండలోకి దిగుతుంది. అందులో మనకి ఐదు ముఖ్యం. సులువైనదానితో మొదలుపెడదాం.

మోచెయ్యి సగం మడిచి, ఒంటివైపు బుడిపెకీ వెనక మొనకీ మధ్య ఉన్న గుంటలో వేలు పెట్టి అటూ ఇటూ కదపండి. పురికొసలాంటిది జారుతుంది. చిటికెన వేలిలో జివ్వుమంటుంది. ఇది అల్నార్ నరం. ఇది చిటికెన వేలికీ ఉంగరం వేలిలో సగానికీ స్పర్శ ఇస్తుంది, వేళ్ళని ఎడంగా చాపిస్తుంది. గంటల తరబడి మోచెయ్యి గట్టు మీదో, లారీ కిటికీ అంచు మీదో ఆనిస్తే ఈ రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. రెండు చేతులూ పోల్చి చూడండి. ఒకవైపు నరం స్పష్టంగా లావుగా ఉండి, ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కూడా ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. త్వరగా మొదలుపెడితే వేళ్ళు వంగిపోకుండా ఆగుతుంది.

రేడియల్ నరం దండ వెనక, ఎముకని ఆనుకుని, మెలికలా చుట్టి బయటివైపుకి వస్తుంది. బయటి బుడిపెకి దాదాపు 10 సెంటీమీటర్ల పైన ముందువైపుకి దాటుతుంది. వేలికి సరిగా తెలియదు, కాబట్టి దాని పనిని చూడండి. మణికట్టుని పైకి ఎత్తడం, బొటనవేలిని పైకి లేపడం దీని పని. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, చేతి వెనక చర్మానికి స్పర్శ ఇచ్చేది ఇదే.

ఎముకకి ఇంత దగ్గరగా ఉండటమే దీనికి చేటు. చెరువు కాపలాకి వెళ్ళి, ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి చెయ్యి వేలాడేసి నిద్రపోయిన ఒకాయన తెల్లారేసరికి మణికట్టు ఎత్తలేకపోయాడు. ఇంట్లోవాళ్ళు పక్షవాతమని ఏడుస్తూ తీసుకొచ్చారు. మోచెయ్యి చక్కగా చాస్తున్నాడు, మాట, ముఖం, కాలు బాగున్నాయి. డాక్టరు చూసి నరం నొక్కుకుపోయిందని తేల్చారు. చెక్క ఆసరాతో మణికట్టుని పైకి నిలిపి, రోజూ వేళ్ళు కదిలిస్తూ ఉంటే రెండు నెలల్లో లేచింది. కానీ ఒక మాట. ఇది నరమా, పక్షవాతమా అని ఇంట్లో కూర్చుని మీరు తేల్చకండి. అకస్మాత్తుగా చెయ్యి పడిపోతే ముందు ఆసుపత్రికే వెళ్ళాలి. మెదడులో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

కొబ్బరి దింపు కార్మికులు చెట్టు మీంచి జారి దండ ఎముక మధ్యలో విరిగినప్పుడు దెబ్బతినేదీ ఈ నరమే. ఎముక అతికినా మణికట్టు లేవకపోతే నిరాశపడిపోతారు. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. తెగిన నరం చిగురిస్తే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, నెలకి అంగుళం పైన. దండ నుంచి మణికట్టు ఎత్తే కండల దాకా ఎంత దూరమో కొలుచుకుంటే ఎంత ఓపిక పట్టాలో మీకే తెలుస్తుంది. ఆ నెలల్లో వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోకుండా చూడటమే మా వృత్తి.

మీడియన్ నరం దండలో ఏ కండకీ కొమ్మ ఇవ్వదు, దారి మాత్రమే వాడుకుంటుంది. బొటనవేలు, చూపుడు వేలు కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టండి. రెండో చేతివేలితో లాగినా విడిపోకూడదు. చూపుడు వేలి కొస స్పర్శ దీనిది.

మోచెయ్యి మడిచే కండలకి మస్క్యులోక్యుటేనియస్ అని పెద్ద పేరున్న నరం వెళ్తుంది. ఆ పని అయ్యాక ముంజేతి బయటి అంచు చర్మానికి స్పర్శ ఇస్తుంది. అరుదుగా దెబ్బతింటుంది.

మిగిలింది భుజాన్ని చుట్టే ఆక్సిలరీ నరం. టీకా వేసే చోటు నిర్ణయించేది దీని వల్లే. భుజం పైన ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ళ కింద, కండ లావుగా ఉన్న చోట సూది పడాలి. మరీ పైన పడితే కీలు, బాగా వెనక్కో కిందికో పడితే నరం. భుజం జారినప్పుడు, జబ్బ మీద బయటివైపు స్పర్శ ఉందో లేదో దూదితో తాకి చూడండి.

ఒక చిన్న సంగతి. వేలికి పుండైతే చంకలో బిళ్ళ కడుతుంది కదా, అది నరం కాదు. సిరల వెంట లింఫ్ అనే పలచటి ద్రవం నడిచే దారుల్లో కాపలా ఉండే గ్రంథి. పుండు మానితే తగ్గాలి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చూపించండి.

పిల్లవాడు చెయ్యి చాచి పడితే

మా తమ్ముడు ఆరేళ్ళప్పుడు జామచెట్టు మీంచి పడ్డాడు. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. బిగించి కట్టు కట్టించారు. రాత్రంతా ఏడ్చాడు. ఎముక విరిగితే నొప్పి ఉండదా అని అందరం సముదాయించాం. తెల్లవారుజామున ఏడుపు ఆగింది, తగ్గిందనుకున్నాం. తగ్గి కాదు, తిమ్మిరెక్కి ఆగింది. ఆ చేతి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా చాచలేడు. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ చెయ్యి చూసే.

ఈ చోట విరిగిన ఎముక కొన ముందుకొచ్చి బ్రేకియల్ ధమనినీ మీడియన్ నరాన్నీ గుచ్చగలదు. పైగా వాపు మీద బిగుతు కట్టు పడితే ముంజేతి కండకి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చి, తర్వాత కుదించుకుపోయి వేళ్ళని లోపలికి లాగేస్తుంది. 1881లో జర్మన్ సర్జన్ వోల్క్‌మాన్ వివరించినది ఈ వైకల్యాన్నే.

కాబట్టి పిండి కట్టు అయినా, ఊళ్ళో వేసిన వెదురు బద్దల కట్టు అయినా, మొదటి రోజు రాత్రి ప్రతి గంటకీ ఇలా చూడండి. గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వేళ్ళు వెచ్చగా ఉండాలి. పిల్లవాణ్ణి బొటనవేలు పైకెత్తమనండి, సున్నా చుట్టమనండి, వేళ్ళు ఎడంగా పెట్టమనండి. మూడు నరాలూ తేలిపోతాయి. తర్వాత మీరే అతని వేళ్ళని మెల్లగా చాచండి. అప్పుడు ముంజేతిలో కేక పెట్టేంత నొప్పి వస్తే, లేదా మందు ఇచ్చినా నొప్పి పెరుగుతూ ఉంటే, ఆగకూడదు. మణికట్టులో కొట్టుకుంటోంది కదా అని ధీమా పడకండి, ధమని కొట్టుకుంటూనే కండ చావగలదు. రాత్రి రెండైనా సరే, పిండి కట్టు అయితే కట్టినవాళ్ళకి ఫోన్ చేసి కోయించండి, బద్దల కట్టు అయితే అప్పటికప్పుడు వదులు చేయండి. ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి బయల్దేరండి. మా ప్రాంతంవాళ్ళకి అది చాలాసార్లు కాకినాడ.

డాక్టరు ముందు ఎలా చెప్పాలి

“నరం లాగేస్తోంది” అని ఆపకండి. నాలుగు సంగతులు చీటీ మీద రాసుకెళ్ళండి: ఏ వేలు తిమ్మిరిగా ఉంది, వేలి ముందు వైపా వెనక వైపా. ఏ పని చేయలేకపోతున్నారు, మణికట్టు ఎత్తడమా, చొక్కా గుండీ పెట్టడమా, వేళ్ళ మధ్య కాగితం పట్టడమా. ఎప్పటి నుంచి, నిద్ర లేచాకా, దెబ్బ తగిలాకా, మెల్లమెల్లగానా. రెండో చెయ్యి ఎలా ఉంది. “చిటికెన వేలు మొద్దుబారిందండి, మోచెయ్యి మడిస్తే ఎక్కువవుతోంది, వారం అయింది” అని మీరు చెప్పగలిగితే, డాక్టరు వేలు నేరుగా ఆ బుడిపె వెనక గుంట మీదికే వెళ్తుంది.